తువ్వాలు కింది ఓటు

ఆ బుధవారం పొద్దున హనుమప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు గొర్రెలను పెనుకొండ సంతకు తోలుకుపోవడం, అమ్మడం, నాగమణి కొట్టులో రెండు టీలు తాగడం, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం. ఢిల్లీ సంగతి ఎత్తనని భార్య రామలక్ష్మమ్మకు మాట కూడా ఇచ్చాడు. పార్లమెంటు ఎన్నికల ఫలితాలు వచ్చి పక్షం రోజులైనా ఆయనకు అన్నం సయించడం లేదు. తాను ఓటేసిన పార్టీ ఓడిపోవడం ఆయనకు కొత్తేమీ కాదు. ఈసారి మాత్రం గెలుస్తుందని ఊరంతా ముందే చెప్పుకుని తిరిగాడు, బాధంతా అక్కడుంది.

సంతలో టీ కొట్టంటే నాలుగు కర్రల మీద రేకు, ఒక పొయ్యి, రెండు బెంచీలు. సంత మొత్తానికి నీడ అదొక్కటే, కుళాయి కూడా దాని పక్కనే. ఎడమ బెంచీ మీద హిందూపురం దళారులు, కుడి బెంచీ మీద ధర్మవరం దళారులు కూర్చోవడం ఆనవాయితీ. నడుమ పొయ్యి దగ్గర నాగమణి. పెనుకొండ పక్క పల్లెవాడైన హనుమప్ప వయసులో పెద్దవాడు గనుక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాడు.

మొదటి టీ సగం కాకముందే రామలక్ష్మమ్మకిచ్చిన మాట చల్లారిపోయింది.

"నేనేసిన ఓటు యాడికి పాయె అని అడుగుతాండా. మా ఊర్లో ప్రతి ఇంటికీ పోయి అడిగినా. అందురూ నీ గుర్తుకే వేసినామనిరి. మిషన్లో చూస్తే ఇంగో మాదిరి ఉండాది."

"నువ్వు పోయి అడిగితే అట్లనే అంటారు మామా," అన్నాడు ధర్మవరం బాలాజి. గెలిచిన పార్టీ అతనిది. "మిషను ఎవురినీ అడగదు. అందుకే దానికి నిజం చెప్పినారు. ప్రజాస్వామ్యమంటే అదే గదా."

హిందూపురం నంజుండప్ప గ్లాసు కింద పెట్టాడు. "నాకి మిషన్ మింద అనుమానం లేదబ్బా. మనుషుల మిందనే. పొద్దున ఒకరి దుడ్లు, సాయంత్రం ఇంగొకరి దుడ్లు. ఓటు మాత్రం వాళ్ళ అల్లుడు చెప్పినోడికి."

ఈ చర్చ ప్రతి బుధవారం జరిగేదే, ప్రతి బుధవారం ఎటూ తేలకుండా ఆగిపోయేదే. కానీ ఆ రోజు దళారుల సంఘానికి కూడా ఎన్నిక ఉంది. పాత అధ్యక్షుడు మోకాళ్ళ నొప్పులతో తప్పుకోగా, నంజుండప్ప, బాలాజి పోటీకి దిగారు. సంఘంలో మొత్తం నలభై రెండు మంది. సభ్యత్వానికి నాలుగు కాళ్ళ జీవం ఒకటుంటే చాలు. నాగమణికి ఒక మేక ఉంది, కాబట్టి ఆమె కూడా సభ్యురాలే. సంఘం రిజిస్టరు, రబ్బరు స్టాంపు ఆమె బిస్కెట్ల డబ్బాలోనే ఉంటాయి, ఎందుకంటే సంఘానికి వేరే ఆఫీసు లేదు.

ఎన్నికలో అసలు విషయం ఈ టీ కొట్టే. గొర్రెలు ఎక్కించుకునే ఆటోలు తిరగడానికి చోటు చాలడం లేదు గనుక కొట్టును గేటు బయటికి మార్పిస్తానని బాలాజి మాటిచ్చాడు. మార్చనివ్వనని నంజుండప్ప గట్టిగా అన్నాడు. పది రోజుల తర్వాత ధర్మవరం ఓట్లు నాలుగైనా రాలతాయన్న ఆశతో ఆయన కూడా మార్పిస్తానన్నాడు. గేటు బయట నీడ లేదు, నీళ్ళు లేవు. బేరం మధ్యలో లేచి అంత దూరం టీకి వచ్చే దళారి పుట్టలేదు. నాగమణి పెద్దకూతురు హారిక నర్సింగు మూడో ఏడు చదువుతోంది. ఆ చదువు ఈ పొయ్యి మీదే నడుస్తోంది. వారం రోజులుగా నాగమణికి నిద్ర లేదు.

"నువ్వెవురికేస్తావు మ్మా?" అని హనుమప్ప అడిగాడు.

"ఇద్దురూ నన్ను పొమ్మనేటోళ్ళే గదా మామా. యాడికి పోవల్లో చెప్పేదాంట్లో కూడా తేడా లేదు. నేనెవురికీ వేయను," అంది ఆమె, టీ వడకడుతూ.

ఆ మాట హనుమప్పకు గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడల్లా ఆయనకు ఏదో ఒక పెద్ద ఆలోచన వస్తుంది. ఇదివరకు వచ్చిన పెద్ద ఆలోచనల వల్ల ఒక బోరు ఎండింది, ఒక తమ్ముడు మాట్లాడడం మానేశాడు.

"చేతులెత్తే ఓటు వద్దు," అన్నాడాయన లేచి నిలబడి. "చెయ్యెత్తితే పక్కోడు చూస్తాడు. చీటీ వద్దు, చీటీ మారుస్తారు. మిషన్ సంగతి చూసినాం. మన తాతల కాలం నుంచి రహస్యమనేది యాడ దాగుండాది? తువ్వాలు కింద. ఓటు కూడా ఆడనే వేద్దాం."

గొర్రె బేరం అందరి ముందూ నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పదివేల పైన ఒక వేలికి ఒక వెయ్యి, సగం మడిచిన వేలికి సగం. ముఖాలు మాత్రం వాన గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. కుదిరితే అరచేతి మీద తడతారు. తట్టాక మాట తప్పినవాణ్ని సంతలో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు.

ఆలోచన అందరికీ నచ్చింది. ఒక వేలంటే నంజుండప్ప, రెండు వేళ్ళంటే బాలాజి. సంఘంలో పేరు లేదు గనుక ఓట్లు తీసుకునే పని హనుమప్పదే. ఒకటికి ఎడమ జేబులో చింతగింజ, రెండుకు కుడి జేబులో చింతగింజ. ఇంత పారదర్శకమైన రహస్యం దేశంలో మరెక్కడా లేదని బాలాజి కూడా ఒప్పుకున్నాడు. హనుమప్ప తన గొర్రెలను పక్కన గుంజకు కట్టేసి, తువ్వాలు దులిపి, రాయి మీద కూర్చున్నాడు.

మొదట జగదీష్ వచ్చాడు. నంజుండప్ప సొంత బావమరిది. ఈ ఓటు ఎవరిదో సంతలో గొర్రెలకు కూడా తెలుసు. అయినా తువ్వాలు కింద అతను రెండు వేళ్ళు పెట్టాడు.

ఇందులో మోసమేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా దళారి పని చేస్తున్నవాడు తన మనసులోని అంకె ముందుగా బయటపెట్టడు. హనుమప్ప చేయికి కూడా నలభై ఏళ్ళ అలవాటుంది. రెండు అన్న వెంటనే అది, యజమానిని అడగకుండా, ఒకటి అంది. జగదీష్ రెండో వేలు సగం మడిచాడు. హనుమప్ప ఒకసారి అడ్డంగా తలూపాడు, ఇంకోసారి నిలువుగా ఊపాడు, అరచేతి మీద తట్టాడు.

తట్టాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమప్పా, ఇట్లాయె?" అని జగదీష్ గొణిగాడు.

"తట్టినాక ఇంగేం చేసేది? పో, పో. రహస్యం," అన్నాడు హనుమప్ప. ఒకటిన్నరకు జేబు లేదు. ఆలోచించి గింజను రొమ్ము మీది జేబులో వేసుకున్నాడు.

రెండోవాడు ధర్మవరం మనిషి. బాలాజి కోసం ప్రాణమిస్తాడు. అతను ఒక వేలు పెట్టాడు. ఈసారి బేరమాడకూడదని హనుమప్ప పళ్ళు బిగించాడు. పళ్ళు బిగిశాయి గానీ వేళ్ళు బిగియలేదు. ఒకటిన్నర దగ్గర తెగింది. మూడోవాడు, నాలుగోవాడు, పదోవాడు. కొందరు పట్టుదల మనుషులు ఒకటి దగ్గరో రెండు దగ్గరో నిలబడ్డారు. మిగతావాళ్ళందరూ, సంతలో ప్రతివారం జరిగినట్టే, నడుమ కుదుర్చుకుని సంతోషంగా లేచిపోయారు. ఒక్కొక్క ఓటుకు ఐదు నిమిషాలు పట్టింది. గొర్రెలు అరుస్తున్నాయి, కొనడానికి వచ్చినవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు.

చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన ఒక వ్యాపారికి మాత్రం ఓపిక నశించింది. నలభై మంది దళారులు ఒకే తువ్వాలు కోసం వరుసలో నిలబడ్డారంటే, ఆ గుంజకు కట్టిన గొర్రెలు ఎంత మేలైనవో అనుకున్నాడు. వాటి వీపులు నొక్కి చూశాడు, వరుసలోకి దూరాడు, తన వంతు వచ్చినప్పుడు చేయి పెట్టాడు. అప్పటికి తల ఎత్తడం మానేసిన హనుమప్ప అతనితో కూడా ఒకటిన్నరకు తట్టి, గింజ జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక జేబులు టీ కొట్టు పలక మీద ఖాళీ అయ్యాయి. నంజుండప్పకు తొమ్మిది. బాలాజికి తొమ్మిది. రొమ్ము జేబులో ఇరవై నాలుగు.

"ఇవెవురివి?" అన్నాడు బాలాజి.

"ఒకటిన్నర ఓట్లు," అన్నాడు హనుమప్ప, నేల చూస్తూ.

బాలాజి గింజలు మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. సగం సగం పంచమని నంజుండప్ప అన్నాడు. పంచితే చెరి ఇరవై ఒకటి వచ్చింది. అంతలో ఎవరో మొత్తం కూడి, నలభై రెండు ఎలా వచ్చాయని అడిగారు. నలభై రెండో సభ్యురాలు ఓటు వేయలేదు గదా. అందరూ నాగమణి వైపు చూశారు.

"నేను పొయ్యి కాడ నుంచి లేయలేదు. లేచింటే మీకు టీ ఎట్లొచ్చేది?" అంది ఆమె.

దొంగ ఓటు పడిందని తేలింది. మీ వాళ్ళదంటే మీ వాళ్ళదని రెండు బెంచీలూ లేచాయి. పొద్దున ప్రజాస్వామ్యాన్ని సమర్థించిన బాలాజి ఇప్పుడు ఓట్లు లెక్కపెట్టినవాడి మీదే అనుమానం ఉందన్నాడు. నంజుండప్ప ఆ మాటకు, జనం తీర్పును గౌరవించాలని సలహా ఇచ్చాడు. హనుమప్పకు ఏడుపొచ్చినంత పనైంది. ఢిల్లీలో ఓడినప్పుడు కూడా ఆయనకు ఇంత దుఃఖం కలగలేదు, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టింది ఆయన కాదు.

"వినండప్పా," అన్నాడు చివరికి. "తట్టిన చెయ్యి తట్టినట్టే. ఎక్కువమంది యాడ తెగ్గొట్టినారు? ఒకటిన్నర కాడ. ఒకటంటే ఈ బెంచీ, రెండంటే ఆ బెంచీ. మరి ఒకటికీ రెండుకీ నడుమ ఎవురుండారు?"

నలభై ఒక్క తలలు మళ్ళీ పొయ్యి వైపు తిరిగాయి.

నంజుండప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. బాలాజి గెలవడం కంటే ఇది మేలు. బాలాజి కూడా అదే లెక్క వేసుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి "సరే" అన్నారు. ఈ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం సంఘం చరిత్రలో ఇది రెండోసారి. మొదటిసారి కొట్టు మార్చడం మీద వచ్చారు.

నాగమణి చేతులు కొంగుకు తుడుచుకుంది. బిస్కెట్ల డబ్బా తెరిచి, రిజిస్టరు తీసి, తన పేరు తానే రాసుకుని స్టాంపు వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"కొట్టు ఈడనే ఉంటాది. ఆటోలు ఆ పక్క వేపచెట్టు చుట్టు తిరుక్కోవల్ల. ఇంగ బెంచీలు మార్చి కూర్చోండి, హిందూపురమోళ్ళు ఆడ, ధర్మవరమోళ్ళు ఈడ. ఒకరి ఎండ ఒకరికి తెలియనీ." తర్వాత హనుమప్ప దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "నిజం చెప్పు మామా. నాకెంతమంది వేసినారు?"

"ఎవురూ వేయలేదమ్మా. అందుకే గెలిచినావు."

అప్పుడు చిక్కబళ్ళాపురం వ్యాపారి వచ్చి నలభై ఆరు వేలు హనుమప్ప చేతిలో పెట్టాడు. నాలుగు గొర్రెలు అప్పటికే అతని వ్యాను ఎక్కి ఉన్నాయి. ఒక్కొక్కటి పదమూడు వేలకు తక్కువైతే ఇవ్వనని రామలక్ష్మమ్మకు చెప్పి వచ్చిన మనిషి, పదకొండున్నరకు తన చేయే తట్టిందని గుర్తు చేసుకున్నాడు. నలభై రెండో ఓటు ఎవరిదో కూడా ఆయనకు అప్పుడే అర్థమైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కూడా హనుమప్ప మిషన్లను తిట్టడం మానలేదు, కాకపోతే అవి బేరమాడవని మాత్రం ఒప్పుకుంటున్నాడు.