మంత్రిగారి లెవెల్

ఖండంలోని సముద్రతీరాలన్నిటినీ లెవెళ్ళవారీగా విడదీసి, అలల మీద పలకతో జారే సర్ఫింగ్‌లో బిగినర్ నుంచి ఎక్స్‌పర్ట్ దాకా ఎవరి స్థాయికి తగిన అలను వారికి అందజేస్తామని పర్యాటక మంత్రిగారు ప్రకటించారు. ఇంతకాలం అలలు వాటి ఇష్టం వచ్చినట్టు వస్తున్నాయనీ, ఇక ఆ అరాచకం సాగనివ్వననీ అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ ప్రసంగం రాసింది నేనే. పర్యాటక శాఖ ప్రచార విభాగంలో నా ఉద్యోగమది. చప్పట్లు ఎక్కడ కొట్టాలో కూడా నేనే రాసిస్తాను.

"మన బీచ్‌లంటే సరే సార్, పక్క దేశాల వాటికి కూడా మనమే లెవెల్ ఇవ్వొచ్చా?" అని ఒక విలేఖరి అడిగాడు.

"సముద్రం ఒకటే కదయ్యా!" అన్నారు మంత్రిగారు.

ఆ పై వారమే మేం అధ్యయన యాత్రకు బయల్దేరాం. మంత్రిగారు, వారి సతీమణి, మనవరాలు, వియ్యంకుడుగారు, డైరెక్టరుగారు, చివర సామాన్లతో నేను. వియ్యంకుడుగారు సాంకేతిక సలహాదారు. ఆయన డాబా మీద ఈత కొలను ఉంది.

మంత్రిగారికి చెప్పుల్లోకి ఇసుక వెళ్తే ఒళ్ళు మండుతుంది. అందుకని అధ్యయనమంతా హోటల్ బాల్కనీల్లోంచే సాగింది. పై అంతస్తులో గది ఇచ్చిన చోట అలలు చీమల్లా కనిపించాయి కాబట్టి బిగినర్ అని రాసుకున్నాం. కింది అంతస్తులో ఇచ్చిన చోట అల వచ్చి మొహాన పడేట్టుంది, అది ఎక్స్‌పర్ట్. ఒక ఊళ్ళో గది వెనకవైపు ఇచ్చారు. కిటికీ తెరిస్తే వంటగది గొట్టం తప్ప సముద్రం జాడే లేదు.

"ఇంటర్మీడియట్ వేసుకో," అన్నారు మంత్రిగారు. ఆ సమన్యాయానికి వియ్యంకుడుగారు తల పంకించి, ఇంకో జ్యూసు తెప్పించుకున్నారు.

తిరిగొచ్చాక సొంత తీరం మిగిలింది. అక్కడ ఒక కొండ, దానికి అటొకటి ఇటొకటి బీచ్‌లు. ఇవతలి బీచ్‌లో ఎంత దూరం నడిచినా మోకాలి లోతే. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, అక్కడే రేకుల షెడ్డు వేసుకుని పిల్లలకి సర్ఫింగ్ నేర్పుకుంటూ బతుకుతున్నాడు. మెడలో ఎప్పుడూ ఒక విజిల్ ఉంటుంది. అవతలి బీచ్ అన్నీ రాళ్ళు. కాలు పెడితే చాలు, నీళ్ళు లోపలికి లాగేస్తాయి. పోయిన వేసవిలో అక్కడ దిగిన అన్నదమ్ములు తిరిగి రాలేదు. మావాడు కూడా అందులో దిగడు. అందుకని ఇవతలిది బిగినర్, అవతలిది ఎక్స్‌పర్ట్ అని మా శాఖ అచ్చేసే గైడులో వేశాం. ఆ పుస్తకం మొత్తంలో సరిగ్గా ఉన్నవి ఆ రెండే. పొరపాటున అలా జరిగింది, తర్వాత దిద్దుకున్నాం.

ఎలాగంటే, గైడు అట్ట మీదకి మంత్రిగారు సర్ఫ్‌బోర్డు ఎక్కి నిలబడ్డ ఫొటో కావాల్సి వచ్చింది. ప్రారంభోత్సవం ఇవతలి బీచ్‌లో ఖాయమైంది. వెనకాల కట్టే బ్యానరు నమూనా పట్టుకుని డైరెక్టరుగారు మంత్రిగారి గదికెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను.

"ఏమిటిది? నేను బిగినర్నా?"

"అయ్యో, మీరు కాదు సార్. బీచ్ బిగినర్."

"ఇన్నేళ్ళ రాజకీయ జీవితం నాది. నా నెత్తిన బిగినర్ అని రాయిస్తావా? రేపు అసెంబ్లీలో నన్ను బతకనిస్తారా?"

"అయితే అవతలి ఎక్స్‌పర్ట్ బీచ్‌లో పెడదాం సార్."

"నన్ను చంపుదామనా?"

డైరెక్టరుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. గొప్ప అధికారులు అలా కళ్ళు మూసుకున్నప్పుడే దేశానికి ఏదో ఒకటి అవుతుంది.

"సార్, బీచ్ ఇదే ఉంచుదాం. బ్యానరు మార్చి ఎక్స్‌పర్ట్ అని రాయిద్దాం."

"మరి గైడులో మనకొక బిగినర్ బీచ్ ఉండాలి కద సార్?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"అవతలిది ఖాళీగానే ఉందిగా," అన్నారు డైరెక్టరుగారు.

ప్రారంభోత్సవం కన్నుల పండువగా జరిగింది. మంత్రిగారు సర్ఫ్‌బోర్డు మీద చేతులు చాచి నిలబడ్డారు. దాన్ని నీళ్ళలో కూర్చున్న నలుగురు కానిస్టేబుళ్ళు కదలకుండా పట్టుకున్నారు. ఎంతసేపటికీ సరైన అల రాకపోయేసరికి వియ్యంకుడుగారే పక్కనుంచి బకెట్టుతో నీళ్ళు కొట్టారు. మర్నాడు పేపర్లో 'అలల మెడలు వంచిన మంత్రి' అని వచ్చింది. ఆ హెడ్డింగు నాదే.

మా బావమరిదికి నోటీసు వెళ్ళింది. ఎక్స్‌పర్ట్ బీచ్‌లో బిగినర్లకు ప్రవేశం లేదు, శిక్షణ ఇవ్వాలంటే కొండ అవతలికి మారాలి. వాడు ఆ కాగితం పట్టుకుని నేను భోజనం చేస్తుండగా వచ్చాడు.

"బావా, నీకు బుద్ధుందా? పిల్లల్ని అక్కడ దింపమంటావా?"

"పైనుంచి ఆర్డర్స్ రా."

"ఆ ఆర్డర్స్ ఏవో నీళ్ళకి చెప్పు, వింటాయేమో!"

"వాడి పొట్ట కొట్టింది చాలక, ఊళ్ళో పిల్లల ప్రాణాల మీదకి తెస్తారా? మీరూ ఒక మనిషేనా?" అంది మా ఆవిడ. గరిటె నా ముందు పడేసి, వడ్డించుకోమని వెళ్ళిపోయింది. విధాన నిర్ణయాలు వేరే స్థాయిలో జరుగుతాయని గోడకి చెప్పుకుని భోజనం ముగించాను.

బావమరిది షెడ్డుకి తాళం వేశాడు. కొండ మీద, రోడ్డు అవతలికి దిగే మలుపులో కూర్చుని, గైడు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా విజిలేసి వెనక్కి తోలడం మొదలుపెట్టాడు. బిగినర్ బీచ్‌లో ఒక్క ప్రమాదమైనా జరగలేదని మా శాఖ సగర్వంగా నివేదిక ఇచ్చింది. డైరెక్టరుగారికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఇంతలో మంత్రిగారి మనవరాలికి సర్ఫింగ్ మీద మోజు పుట్టింది. డైరెక్టరుగారు నన్ను పిలిచి, "మీ బావమరిదిని రమ్మను," అన్నారు.

"ఏ బీచ్‌లో సార్?"

"ఏం మాటయ్యా అది? పిల్ల కొత్త. ఎక్స్‌పర్ట్ బీచ్‌లోనే నేర్పాలి."

మావాడు వచ్చాడు. పాపకి సర్ఫ్‌బోర్డు చూపించే ముందు మంత్రిగారి ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా, ఆ రెండు బీచ్‌ల లెవెళ్ళూ మళ్ళీ మార్పించండి. నాకింకేం వద్దు. అవతల పిల్లలు చచ్చిపోతారు."

"కమిటీ వేద్దాం," అన్నారు మంత్రిగారు కుర్చీలో వాలుతూ. "ముందు పాపకి నేర్పు."

నేర్పాడు. పాప రెండుసార్లు పడి, మూడోసారి నిలబడింది. తాతగారు చప్పట్లు కొట్టారు, మేమంతా కొట్టాం. అప్పుడే కొండ మీది రోడ్డులో ఒక స్కూలు బస్సు కనిపించింది. 'బిగినర్ బీచ్ విహారం' అని మా శాఖ బ్యానరు కట్టి ఉంది. కిటికీల్లోంచి పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

మా బావమరిది సర్ఫ్‌బోర్డు వదిలేసి పరిగెత్తాడు. పాప మోకాలి లోతు నీళ్ళలో కూలబడింది. వాడు రాళ్ళు పట్టుకుని అడ్డదారిన కొండెక్కాడు. బస్సు మలుపు తిరుగుతోంది. విజిల్ వినిపించింది, ఆగకుండా. రోడ్డుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. బస్సు ఆగింది. కాసేపటికి మెల్లగా వెనక్కి తిరిగింది.

"బిగినర్లను నిరుత్సాహపరిచాడు. లైసెన్సు రద్దు. రాసుకో," అన్నారు డైరెక్టరుగారు.

రాసుకున్నాను.

పాప తడి బట్టలతో వచ్చి తాతగారి ముందు నిలబడింది. "మాస్టారు ఎటు వెళ్ళిపోయారు తాతయ్యా?"

"బిగినర్ బీచ్ వైపమ్మా."

"నేనూ బిగినర్నే కదా! మరి నన్ను అక్కడికి ఎందుకు తీసుకెళ్ళలేదు?"

మంత్రిగారు తువ్వాలు తీసుకుని పాప తల తుడిచారు.

"ఛ, ఛ. అది జనానికమ్మా."