పసుపు పూసిన సెన్సర్

చింతరాజుపల్లె బోరునీళ్లలో ఫ్లోరైడు లేదని అధికారికంగా తేలింది. నలభై ఏళ్లుగా ఆ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లకు మాత్రం ఈ సమాచారం ఇంకా అందలేదు.

తేల్చింది ఆషామాషీ యంత్రం కాదు. కర్నూలులో పరిశోధన చేసే సాజియా నాలుగేళ్లు కష్టపడి, గాజుపలక మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన నానో పూత పూసింది. దాని మీద నీటిచుక్క వేసి నీలి దీపం కింద పెడితే, మంచినీళ్లకు ఆకుపచ్చగా, ఫ్లోరైడుకు ఎర్రగా వెలుగుతుంది. ప్రారంభోత్సవానికి ముందురోజు ఆమె ఒక్కతే బోరునీళ్లు చూసినప్పుడు ఎర్రగానే వెలిగింది. అప్పుడు వేదిక, మైకు లేవు కాబట్టి అది పరీక్ష కిందికి రాదు.

ప్రారంభోత్సవం నాడు సాజియా ఒకటే కోరింది, పూతకు వేలైనా తగలకూడదని. సర్పంచి ఓబుళేశుకు నవ్వొచ్చింది.

"ఏమ్మా, కొత్త ట్రాక్టరుకే పసుపు పెట్టకుండా తాళం తిప్పం. ఊరి నీళ్లు చూసే మిషన్‌ను ఉత్తగా పెడితే ఎట్ల?"

అని గాజుపలక నిండా తడిపసుపు పట్టించి టెంకాయ కొట్టాడు. నీలి దీపం కింద పసుపు తనంతట తానే ఆకుపచ్చగా మెరుస్తుంది. బోరునీటి చుక్క వేసి పెట్టగానే మెరిసింది. నీటి సరఫరా శాఖ చీఫ్ ఇంజనీరుగారు మైకు అందుకున్నారు.

"సైన్సూ సంప్రదాయమూ చేయి కలిపితే ఫ్లోరైడు పారిపోక ఏం చేస్తుంది? ఇక ఈ గ్రామానికి మంచినీళ్ల ట్యాంకరు అవసరం లేదు."

సాజియా ఇంకో పలక తీసి అందరి ముందే చుక్క వేసింది. ఎర్రగా వెలిగింది. పూజ జరగని పరికరం ఫలితం చెల్లదని అక్కడికక్కడే తీర్మానించారు. ఆ అమ్మాయి కళ్లు కూడా ఎర్రబడ్డాయి, కానీ అది నివేదికలో రాయదగిన అంశం కాదు.

ఇంతలో జనంలోంచి ముసలి తిరుపతమ్మ కర్ర ఊతంగా లేచింది.

"ట్యాంకరు వచ్చినాకనే పుట్టింది సామీ నా మనమరాలు. దాని పండ్లు ఇంగా తెల్లగానే ఉండాయి. రేపట్నుంచి దానికేం తాపాల?"

"ఆకుపచ్చగా వెలిగింది చూడలేదా అమ్మా?" అన్నారు ఇంజనీరుగారు.

"చూసినా. బోరు ఈడనే ఉండాది. నువ్వొక గుక్క తాగి చెప్పు."

వెంటనే జాతీయగీతం ఆలపించారు. తర్వాత వేదిక మీదివాళ్లకూ, ముందు వరుసలోని మా విలేకరులకూ సీలు తీయని నీళ్ల సీసాలు పంచారు. ఎవరమూ బోరు వైపు పోలేదు. మరునాడు పత్రికలో ఆకుపచ్చ ఫొటోనే వేశాం. మీరూ చూసి, శానా బాగుందన్నారు.