డ్రాగన్‌కు ఎండ పడదు

గల్ఫ్‌లో ఉన్న ప్రతి కంపెనీ తప్పనిసరిగా ఒక డ్రాగన్‌ను పెంచాలి. కార్మిక చట్టాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు డ్రాగన్ కావాలి! ఎండదెబ్బకు మతి పోయి అంటున్న మాట కాదిది. ఫ్యాను కింద చల్లగా కూర్చుని, బాగా ఆలోచించి చెబుతున్న మాట.

డ్రాగన్ అనగానే భయపడకండి. నిప్పులు కక్కుతుంది, నిజమే. ఖతార్‌లో ఆగస్టు నెల అంతకంటే ఎక్కువే కక్కుతుంది. తేడా అల్లా, ఆగస్టులో మనుషుల కోసం ఎవరూ షెడ్డు వేయరు, డ్రాగన్ కోసం వేస్తారు. నమ్మకం కుదరకపోతే నర్సింగ్ సంగతి వినండి.

నర్సింగ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా మూడేళ్లుందనగా, దోహా బయట కడుతున్న ఒక ప్రాక్టీసు గ్రౌండులో రాళ్లు పరిచే గ్యాంగుకు అతను పెద్ద. గ్యాంగులో పద్దెనిమిది మంది. తూర్పు వైపు పార్కింగ్ మొత్తం వాళ్ల చేతుల మీదుగానే పరుచుకుంటోంది. రేపు దేశదేశాల బస్సులు వచ్చి ఆగేది ఆ రాళ్ల మీదే. ఎంత భాగ్యం!

ఆ భాగ్యానికి నీడ మాత్రం లేదు. రెస్ట్ షెడ్డు పడమటి గేటు దగ్గరుంది. నడిచి వెళ్లడానికి ఏడు నిమిషాలు, రావడానికి ఏడు నిమిషాలు, బ్రేకు పదిహేను నిమిషాలు. మిగిలిన ఒక్క నిమిషంలో నీళ్లు తాగొచ్చు, చెమట తుడుచుకోవచ్చు, తొందరపడితే ఇంటికి ఫోన్ కూడా చేసుకోవచ్చు. టైము విలువ ఇంత బాగా నేర్పే బడి ఇంకెక్కడైనా ఉందా?

మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని అక్కడి ప్రభుత్వం రూలు పెట్టింది. కంపెనీ బుద్ధిగా ఆపుతుంది కూడా. పాపం, ఎండే ఆ రూలు చదువుకోలేదు. పొద్దున తొమ్మిదింటికే డ్యూటీ ఎక్కేస్తుంది.

తూర్పు వైపు నాలుగు స్తంభాలు పాతి, పైన రేకు వేసి, ఒక కూలర్ పెట్టమని నర్సింగ్ ఉగాది నుంచి అడుగుతున్నాడు. తన కోసం కాదు, జలంధర్ కోసం. జలంధర్ అతని భార్య సునందకు ఒక్కగానొక్క తమ్ముడు. వద్దు వద్దంటున్నా ఆమెను ఒప్పించి, నా కళ్ల ముందే ఉంటాడని మాటిచ్చి, నర్సింగే అతన్ని తీసుకొచ్చాడు. ఇప్పుడు నిజంగానే కళ్ల ముందే ఉన్నాడు. జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి ఆ కళ్ల ముందే రాళ్ల మీద కూలబడ్డాడు.

రెండోసారి పావుగంట దాకా మనిషికి తెలివి రాలేదు. మూడోసారి పడితే లేస్తాడా అన్నదే నర్సింగ్ బెంగ. ఆ బెంగతో అతనికి అన్నం సయించడం లేదు. సునంద ఫోన్ చేసినప్పుడల్లా, మీ తమ్ముడికేం, దుక్కలా ఉన్నాడని చెబుతున్నాడు.

షెడ్డు మాట ఫోర్‌మన్ ఇంజనీరుకు చెప్పాడు. ఇంజనీరు మేనేజరుకు చెప్పాడు. మేనేజరు బుక్రా అన్నాడు. బుక్రా అంటే రేపు. ఉగాది పోయి ఆషాఢం వచ్చింది, ఆ రేపు మాత్రం రాలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త సేఫ్టీ ఆఫీసరుగా కీత్ సార్ దిగాడు. ఇంగ్లండు మనిషి. వాళ్ల ఊళ్లో పూర్వం ఒక డ్రాగన్ ఉండేదట. ఆ మాటకొస్తే ఆ దేశంలో దాదాపు ఊరికొకటి ఉండేదట. ఏటి ఒడ్డున ఒకటి, గుట్ట మీద ఒకటి, బావిలో ఒకటి. మనకు ఊరూరా పోచమ్మ ఉన్నట్టే అనుకోండి. మీ డ్రాగన్ కంటే మా డ్రాగనే పొడుగని పక్క ఊరితో పంతాలు కూడానట. అవి చచ్చి వందల ఏళ్లయినా చర్చి రాళ్ల మీద చెక్కుకుని, మందు దుకాణాల బోర్డుల మీద బొమ్మలు వేయించుకుని, ఇప్పటికీ ప్రేమగా చూసుకుంటున్నారు. ఎంత ఉపకార బుద్ధి!

అలాంటి ఊరి నుంచి వచ్చిన మనిషికి ఊరికే నీళ్లు తాగండ్రా అని చెప్పడం నామోషీగా ఉండదూ? ఎండే డ్రాగన్ అన్నాడు కీత్ సార్. మనమంతా కలిసి దాన్ని చంపుదాం అన్నాడు. పోస్టర్లు వెలిశాయి, టీషర్టులు పంచారు. ముప్ఫై అడుగుల పొడవున పచ్చటి ఫైబర్ డ్రాగన్ ఓడెక్కి వచ్చింది. ఆగస్టు నెలాఖరులో చూడ్డానికి వచ్చే విదేశీ ప్రతినిధుల బస్సు ఆగేది తూర్పు పార్కింగ్‌లోనే కాబట్టి, దాన్ని అక్కడే ప్రతిష్ఠించారు.

పొద్దున డ్యూటీకి ముందు అందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం సైటు ఆచారం. ఆ రోజు కీత్ సార్ ఇంగ్లీషులో డ్రాగన్ కథ చెప్పాడు. నేపాలీ ఫోర్‌మన్ దాన్ని హిందీలో చెప్పాడు. నర్సింగ్ తెలుగులో చెప్పాడు. గ్యాంగుకు చేరింది ఇదీ: సార్ వాళ్ల ఊళ్లో పాలు తాగే పెద్ద పాము ఉండేది, దాన్ని ఒక దొర ముక్కలు ముక్కలుగా నరికాడు, కాబట్టి మీరు నీళ్లు తాగాలి.

గ్యాంగంతా నిశ్చేష్టులయ్యారు. పాలు తాగే పామును నరకడమా? ఆ పాపం చేసింది చాలక, దాని బొమ్మ తెచ్చి తాము పనిచేసే చోటే పెట్టడమా? జలంధర్ ఎందుకు పడిపోతున్నాడో ఇప్పుడు తెలిసిందని ఒకరిద్దరు అననే అన్నారు.

నర్సింగ్‌కు నిద్ర పట్టలేదు. శుక్రవారం సెలవు రాగానే దోహాలోని అల్ హిలాల్ పేటకు వెళ్లి హనుమప్పను పట్టుకున్నాడు. హనుమప్పది అనంతపురం జిల్లా మడకశిర వైపు. కీత్ సార్ విల్లాలోనే ఉంటూ ఆయన కారు నడుపుతాడు. రోజూ రానూ పోనూ డ్రాగన్ కథలే వింటాడు.

"నిజమేనప్పా," అన్నాడు హనుమప్ప. "ఏటికాడ పాముండాదంట. దినామూ తొమ్మిదావుల పాలు తొట్టిలో పోయాల్నంట. తక్కువైతే చెట్లు పీకి పారేస్తాదంట."

"పాలు పోసుకుంట మొక్కుతుంటిరి గద, మల్లెందుకు సంపిన్రన్నా?"

"ఎవురికి తెల్సు. ఇంగో ఊర్లో జైల్లో ఉండే మనిషిని పంపినారంట, దాన్ని చంపితే ఇడిసిపెడ్తామని చెప్పి. వాడు పీపాలో దాక్కోని చంపినాడు. అది సచ్చేటప్పుడు ఇడిసిన గాలికి వాడూ పాయ."

ఆ మనిషి పేరేమిటని నర్సింగ్ అడిగాడు. సార్‌కు గుర్తు లేదన్నాడు హనుమప్ప. తిరిగి లేబర్ క్యాంపుకు వస్తున్నంత సేపూ నర్సింగ్ మనసు ఆ పీపాలోనే ఉంది.

ఇంతలో ఘోరం జరిగింది. నాలుగు రోజుల ఎండకే డ్రాగన్ ముక్కు మీద పెయింటు పెచ్చులు లేచింది. నాలుక వంగిపోయింది. మెడ దగ్గర వెంట్రుక వాసి పగులు కనబడింది. ఆఫీసులో హాహాకారాలు! మేనేజరే స్వయంగా ఎండలోకి వచ్చి డ్రాగన్ ముక్కు తడిమి చూశాడు. బుక్రా అన్న మాట ఎవరి నోటా రాలేదు. యల్లా యల్లా, కానివ్వండి కానివ్వండి అంటూ రెండు రోజుల్లో స్తంభాలు లేచాయి, పైన రేకు పడింది, మూడు వైపులా టార్పాలిన్లు దిగాయి. కూలర్లు ఒకటి కాదు, రెండు! వర్కర్లు లోపలికి రాకూడదని బోర్డు పెట్టి, గార్డును నిలబెట్టారు. పది అడుగుల దూరంలో రాళ్లు పరుస్తున్న వాళ్లకు అప్పుడప్పుడూ టార్పాలిన్ ఎగిరినప్పుడు కాస్త చల్లగాలి తగిలేది. దాన్ని వాడుకున్నందుకు కంపెనీ ఎవరినీ ఏమీ అనలేదు.

నాగుల పంచమి వచ్చింది. బ్రేకులో పద్దెనిమిది మందీ తమకు ఎండకని ఇచ్చిన లబన్ మజ్జిగ ప్యాకెట్లు, పసుపు, కుంకుమ పట్టుకుని డ్రాగన్ దగ్గరికి వెళ్లారు. గార్డు మాఫీ మాఫీ, కుదరదు కుదరదంటూ అడ్డుపడ్డాడు. ఆ గొడవకు కీత్ సార్ వచ్చాడు, వెనకే హనుమప్ప వచ్చాడు. తన డ్రాగన్‌కు బొట్టు పెట్టి మజ్జిగ పోస్తారని తెలియగానే కీత్ సార్ ముఖం వెలిగిపోయింది. సొంత దేశంలో కూడా దానికి ఇంత మర్యాద జరగలేదన్నాడు. గార్డును పక్కకు తప్పించి ఫోటోలు తీసుకున్నాడు. ఈ పూజ ఒక్కరోజేనా అని హనుమప్ప చేత అడిగించాడు.

నర్సింగ్ దేవుడి దగ్గర అబద్ధమాడిన మనిషి కాదు. ఒక్కరోజే సార్ అనబోయాడు. అప్పుడు అతనికి జలంధర్ కనిపించాడు. జలంధర్ కూలర్ పక్కన స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నెల రోజుల తర్వాత అతని ముఖంలో మళ్లీ మనిషి కళ వచ్చింది.

"మండలం జెయ్యాలె సార్," అన్నాడు నర్సింగ్. "నలభై ఒక్క దినాలు. దినాం రెండు పూటలు అందరం అర్ధగంట కూసోవాలె. ఒక్క మనిషైతే పొద్దుందాక ఈడ్నే ఉండాలె."

కీత్ సార్ అది రాసుకుని, అక్కడికక్కడే సరేనన్నాడు. చూశారా డ్రాగన్ మహిమ? మనిషి ఎండకు తాళలేనంటే నాలుగు నెలలు దొరకని నీడ, పాముకు మొక్కాలంటే నాలుగు నిమిషాల్లో దొరికింది!

పూజారిగా జలంధర్‌ను నియమించారు. హెల్మెట్, మెరిసే జాకెట్, నుదుట బొట్టు. మంత్రాలు రావు కనుక జగిత్యాల నుంచి కరీంనగర్ దాకా బస్సు ఆగే స్టేజీల పేర్లన్నీ కళ్లు మూసుకుని వరుసగా జపించేవాడు. ఆ భక్తికి గార్డు కూడా చేతులు జోడించేవాడు.

భక్తి ఊరికే ఉంటుందా, పాకింది. నాగపంచమి మాకూ ఉందని నేపాలీలు వచ్చి కూర్చున్నారు. రోలర్ నడిపే కడప రఫీ, పూజ నేను చేయకూడదు గానీ మీ సేఫ్టీ బూట్లకు కాపలా ఉంటానని వచ్చి కూర్చున్నాడు. అన్ని బూట్లకు ఒక్కడు చాలడని అతనికి తోడు ఇంకో ఇద్దరు వచ్చారు. ఇరవై ఆరు రోజులు తూర్పు వైపు ఒక్క మనిషీ పడిపోలేదు. కీత్ సార్ గ్రాఫు గీసి, డ్రాగన్ చచ్చిపోతోందని ఆఫీసుకు రాశాడు. నర్సింగ్ మొదటిసారి సునందకు అబద్ధం లేకుండా మీ తమ్ముడు బాగున్నాడని చెప్పాడు. చెప్పి, ఫోన్ పెట్టేశాక ఏడ్చాడు.

ఇరవై ఏడో రోజు ప్రతినిధులు వచ్చారు. ఆ రోజు గ్యాంగును పడమటి వైపు పనికి తోలారు. ప్రతినిధులు డ్రాగన్ పక్కన నిలబడి ఫోటోలు దిగారు, కార్మికులకు ఇంత చక్కటి షెడ్డు వేశారని మెచ్చుకుని బస్సెక్కారు. మర్నాడు పొద్దునే క్రేన్ వచ్చింది. డ్రాగన్‌ను దోహాలో ఆఫీసు రిసెప్షన్‌లో పెడతారట. వెంటనే మనుషులు నిచ్చెనలు వేసి షెడ్డు రేకులు విప్పసాగారు.

నర్సింగ్ పరుగున కీత్ సార్ దగ్గరికి వెళ్లాడు. "పామును తీస్కపోండ్రి సార్. షెడ్డు ఉంచుండ్రి."

హనుమప్ప ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. కీత్ సార్ చెడ్డవాడు కాదు. ముఖం ఎర్రబడింది. ఆ షెడ్డు ఎండకు పాడయ్యే సరుకు కోసమని ఒక ఫారం నింపితే వచ్చిందని, సరుకు పోతే షెడ్డు ఉంచే అధికారం తనకు లేదని చెప్పాడు. ఇంకేదైనా సరుకు ఉంటే ఫారం నింపొచ్చన్నాడు. ఆ చివరి మాట మర్యాదకు అన్నదే గానీ, నర్సింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

హనుమప్ప చేత ఫారం రాయించాడు. సరుకు పేరు: మనిషి. ఎన్ని: పద్దెనిమిది. పొడవు: అయిదున్నర అడుగులు. ఎంత వేడిని తట్టుకుంటుంది: రెండుసార్లు పడ్డాడు, మూడోసారి పడితే చెప్పలేం. ఏ విధంగా పాడవుతుంది అన్నచోట, ఇంట్లో అక్క ఉంది అని రాయించాడు. కీత్ సార్ అది చదివి నవ్వలేదు. తనూ సంతకం పెట్టి స్టోర్స్‌కు పంపాడు.

రెండు రోజుల్లో జవాబొచ్చింది. పైన ముద్ర, కింద సంతకం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఇది ఎప్పుడంటే అప్పుడు దొరికే సరుకు, పాడైతే కొత్తది తెప్పించుకోవచ్చు, షెడ్డు అవసరం లేదు. హనుమప్ప చదివి చెప్పి, తల ఎత్తకుండా కాగితం మడిచి ఇచ్చేశాడు.

రాళ్ల మీద మోకాళ్లూని రబ్బరు సుత్తితో కొడుతున్న జలంధర్ తలెత్తాడు. "ఏం రాసిన్రు బావా?"

"సూస్తున్నరట," అన్నాడు నర్సింగ్. "నువ్వు జెర ఇటు జరుగు."

అని తను ఎండకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. అతని నీడ జలంధర్ వీపు మీద పడింది. పొద్దెక్కి పదయ్యేదాకా అది సరిపోయింది.