కారు చిక్కిపోయిన వైనం

ఆ ఇంటి ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు దురలవాట్లు లేవు. తాగడు, పేకాడడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. అలాంటి మనిషి నలభై ఆరో ఏట కారు పందేలలో దిగుతానంటే వద్దనడానికి ఆవిడకు ఏ ఆధారమూ దొరకలేదు. చుట్టాలకు చెప్పుకుంటే, పాపం ఆ ఒక్క సరదా అయినా తీర్చుకోనివ్వమన్నారు. తీర్చుకోబోయేది ఆవిడ నడిపే కారుతో అన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

ఇంటాయన నీటి పన్నుల కార్యాలయంలో గుమాస్తా. బస్సులో వెళ్తాడు, బస్సులో వస్తాడు. కారు ఇల్లాలి చేతిలో ఉంటుంది. పిల్లను బడిలో దించేది అదే, అత్తగారిని వారానికి మూడుసార్లు మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్లేదీ అదే. వ్యాయామం మానితే అత్తగారు మళ్లీ మంచం పడతారని డాక్టరు చెప్పి ఉన్నాడు.

పందెమంటే కంగారు పడాల్సిందేమీ లేదు. మూతపడిన ఫ్యాక్టరీ ఆవరణలో ప్లాస్టిక్ కోన్లు పెడతారు. ఒక్కొక్క కారూ వాటి మధ్య మెలికలు తిరిగి రావాలి. తక్కువ టైములో వచ్చినవాడు గెలిచినట్టు. కోను పడగొడితే రెండు సెకన్ల జరిమానా. ఇంట్లో వాడుకునే మామూలు కారు చాలునని ఔత్సాహికుల సంఘం వారు కరపత్రంలో సవినయంగా తెలియజేశారు.

ఇంటాయన ఫోనులో వీడియోలన్నీ చూసి శాస్త్రం తేల్చాడు. కారు వేగం పెరగాలంటే రెండే దారులు: ఇంజను శక్తి పెంచాలి, లేదా బరువు తగ్గించాలి. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోదానికి పానా ఉంటే చాలు.

పానా ఉంది.

మొదటి ఆదివారం స్టెప్నీ, జాకీ దిగిపోయాయి. రెండో ఆదివారం వెనక సీటు. మూడో ఆదివారం రేడియో, డ్రైవరు పక్క సీటు, ఆష్‌ట్రే. ఎవరూ సిగరెట్టు తాగని కారులో ఆష్‌ట్రే ఎందుకన్న ప్రశ్న పన్నెండేళ్లకు ఇలా పరిష్కారమైంది. వెనక సీటు ముందుగదిలో సోఫాగా స్థిరపడింది. పిల్ల బెల్టు పెట్టుకుని హోంవర్కు చేసుకునేది. పక్క సీటుకు వెనక్కి వాలే సదుపాయం ఉన్నందున దాన్ని అత్తగారికి కేటాయించారు. కొడుకు తనకు వాలుకుర్చీ ఏర్పాటు చేశాడని అత్తగారు చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పుకున్నారు.

ఇక కారులో మిగిలిన బరువంతా ఇంటాయనే. రాత్రిపూట భోజనం కాస్త తగ్గిద్దామా అని ఇల్లాలు ఒక్కసారి అడిగి చూసింది.

"స్టీరింగు తిప్పడమంటే మాటలనుకున్నావా? ఒంట్లో సత్తువ ఉండాలి," అన్నాడాయన, మారు వడ్డించుకుంటూ.

మరి అత్తగారు వ్యాయామానికి ఎలా వెళ్లాలన్నది రెండో ప్రశ్న. పోటీ నెల రోజుల్లో అయిపోతుంది గనక అమ్మ సర్దుకుంటుందని ఇంటాయన హామీ ఇచ్చాడు. హామీ అమలు బాధ్యత యథావిధిగా ఇల్లాలికి బదిలీ అయింది. పిల్లను బడికి నడిపించింది. వారానికి మూడు రోజులు సీటును కారులోకి మోసుకెళ్లి, నాలుగు బోల్టులు బిగించి, అత్తగారిని తీసుకెళ్లి తీసుకొచ్చి, ఆయన బస్సు దిగేలోగా విప్పేసేది. మొదటిరోజు బిగించడానికి ముప్పావుగంట పట్టింది. నాలుగో వారానికి ఏడు నిమిషాలు.

"సీటు లేకపోయినా అమ్మ ఎంత చక్కగా నడుస్తోందో చూశావా? ఊరికే భయపడతావు," అన్నాడు ఇంటాయన. ఇల్లాలు చూశానంది.

పోటీ రోజు ఉదయం ఆయన ఫోను చేశాడు. కొత్తవాళ్ల పక్కన శిక్షకుడు కూర్చుని తీరాలట. కూర్చోవడానికి సీటు లేదని తనిఖీ చేసేవాళ్లు కారును పక్కన నిలబెట్టారట.

"అమ్మను కాస్త లేపి, ఆ కుర్చీ పట్రా."

ఇల్లాలు సీటునూ అత్తగారినీ ట్యాక్సీలో ఎక్కించుకుని వెళ్లింది. పదకొండు మంది మగవాళ్లు చుట్టూ చేరి పానా ఎటు తిప్పాలో చెబుతుండగా, ఏడు నిమిషాల్లో బిగించింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు ఇంటాయన.

"సోమ, బుధ, శుక్రవారాల్లో."

ఆయన తల్లి వంక చూశాడు. ఆవిడ తల పక్కకు తిప్పుకుని, "నువ్వు బస్సులో ఉంటావు కదరా నాన్నా," అన్నారు.

ఇంటాయన పరుగు తొంభై నాలుగు సెకన్లు, ఆరు కోన్లకు మరో పన్నెండు. ఒక కోను కారు కిందే ఇరుక్కుని గమ్యం దాకా వచ్చింది. టైర్లు వేడెక్కలేదని ఆయన చెప్పగా అందరూ ఏకీభవించారు. ఆ సంఘంలో ఇంతవరకు మనిషి ఓడిపోలేదు. టైర్లో, గాలో, నేలో ఓడిపోతుంటాయి.

శిక్షకుడు చెమట తుడుచుకుంటూ దిగి, ఒక కారు మీద ఇద్దరు పాల్గొనవచ్చునని నిబంధన గుర్తుచేశాడు. బోల్టులు బిగించినావిడ తిప్పితే తాను రెండోసారి కూర్చోవడానికి సిద్ధమన్నాడు. ఇల్లాలు తిప్పింది. బడి సందులో ఏళ్ల తరబడి నడిపిన మనిషికి కోన్లు ఎంతో మర్యాదస్థుల్లా కనిపించాయి. ఒక్కటీ హఠాత్తుగా కారు తలుపు తెరవలేదు, ఫోను మాట్లాడుతూ అడ్డం రాలేదు. ఒక్కటీ పడలేదు. కొత్తవాళ్లలో ఆవిడే మొదటిది.

టైర్ల దుకాణం నడిపే సంఘం అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "సామాన్య గృహిణిని ఇంతటి స్థాయికి తెచ్చిన ఘనత ఎవరిది? దూరదృష్టితో కారు బరువు తగ్గించిన భర్తగారిది. ఈ కప్పు ఆయన చేతుల్లో పెట్టడం న్యాయం," అన్నారు. పెట్టారు.

ఇంటాయన కప్పును చూశాడు. పక్క సీట్లో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్న తల్లిని చూశాడు. మైకు తీసుకున్నాడు.

"తప్పు నాదే. సీట్లు పీకింది నేను. అమ్మ ఎలా వెళ్లొస్తోందో ఒక్కరోజు కూడా అడగలేదు. రేపే అన్నీ పెట్టించేస్తాను."

ఆవరణంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. తప్పు ఒప్పుకునే మగవాడిని ప్రత్యక్షంగా చూసే భాగ్యం కలిగిందని అధ్యక్షులవారు కళ్లు ఒత్తుకుని, ఆయనకు శాలువా లాంటిది దొరకక తమ టోపీ తీసి పెట్టారు. ఆ వీడియోను సాయంత్రానికి వేలమంది చూశారు. ఇల్లాలి టైమెంత అని అందులో ఒక్కరూ అడగలేదు.

ఇంతదాకా చదివిన మీరు మాత్రం అడిగారా?