తెలియని వాళ్ళకి పేరు చెప్పకూడదు

2007లో మా అవనిగడ్డ పిల్లలకు ఇంటర్నెట్ నుంచి సంపూర్ణ రక్షణ కల్పించడమైనది. ఈ ఘనత ధర్మారావు గారి కాన్వెంటుకే దక్కుతుంది. ఆ బడిలో కంప్యూటరు ఒక్కటే. దానికో గుడ్డ తొడుగు, తొడుగు మీద దసరానాటి కుంకుమ బొట్టు. దుమ్ము పడుతుందని గదికి తాళం వేసి, తాళంచెవి కరస్పాండెంటు ధర్మారావు గారు తమ మొలతాడుకే కట్టుకున్నారు. నెట్ కనెక్షను ఇంకా రాలేదు. ఇంతకన్నా భద్రత ఏ దేశం వల్లా కాదు.

అయినా ఇంటర్నెట్ భద్రతా వారోత్సవమంటూ ఒకటి జరపాలి కనుక, రూతు టీచరు మూడో తరగతికి నల్లబల్ల మీద కంప్యూటరు బొమ్మ వేసి పాఠం చెప్పింది. తెలియని వాళ్ళకి పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, ఫోన్ నంబరు అసలే చెప్పకూడదు, ఎంత తీయగా అడిగినా సరే. పిల్లలు ఎక్కాల రాగంలో వల్లె వేశారు. పరీక్షలో దివ్యశ్రీ ఫస్టు వచ్చింది. బహుమతి ఎర్ర సైకిలు. సభ దాకా అది ఆఫీసు గదిలో ఉంచారు. ఆ పిల్ల రోజూ అన్నం బెల్లు కొట్టగానే అక్కడికి పరుగెత్తి దాని గంట ఒకసారి మోగించి వచ్చేది.

ఆ పిల్ల చేసిన తప్పల్లా ఒకటే. పాఠం బట్టీ పట్టి ఊరుకోక, నమ్మింది.

బహుమతుల సభకు రొయ్యల చెరువుల ఆసామి పాండురంగయ్య గారు ముఖ్య అతిథి. "ఈ ఇంటర్నెట్టు మన పంటకాలవ లాంటిదండీ. ఈత రాకుండా దిగకూడదు. అందుకే నేనింతవరకూ దిగలేదు" అని సభను జ్ఞానంలో ముంచెత్తి, సైకిలు మీద చెయ్యేసి, మైకుతో సహా వంగారు.

"ఎవరమ్మాయివమ్మా? మీ ఇంటిపేరేంటి?"

మా వైపు ఇది మర్యాద. బందరు బస్సులో సీటు కొస ఇవ్వాలన్నా ముందు ఇదే అడుగుతారు.

దివ్యశ్రీ ఆయన్ని ఎగాదిగా చూసింది. "చెప్పకూడదండీ. మీరెవరో నాకు తెలీదు."

ముందు వరసలోంచి తల్లి అనసూయ లేచింది. "చెప్పవే, తాతగారు అడుగుతున్నారుగా."

"తీయగా అడిగినా చెప్పకూడదన్నారమ్మా."

అందరూ రూతు టీచరు వంక చూశారు. రూతు టీచరు నేల వంక చూసింది. పెద్దల్ని గౌరవించని పిల్లకు సైకిలు ఇవ్వడం కుదరదని ధర్మారావు గారు ప్రకటించారు. పిల్ల హ్యాండిలు వదల్లేదు. చివరికి ఏడుస్తూనే పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, కోడూరులో రైసు మిల్లు పక్క ఇల్లు, ఫోన్ నంబరు, అన్నీ మైకులో అప్పజెప్పింది. చప్పట్లు మోగాయి. కేబుల్ టీవీలో మూడు పూటలా వేశారు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది: ఇంటర్నెట్ భద్రతలో ప్రథమ బహుమతి. కింద పిల్ల ఫొటో, చిరునామా, నంబరు.

వారం తిరక్కుండా అనసూయకు ఫోనొచ్చింది. ఎవరో మగమనిషి, గొంతు బహు తీయగా ఉంది. పాప ఫొటో చూశాడట. బడి ఎప్పుడు వదులుతారని అడిగాడు.

"నాలుగింటికండీ. ఇంతకీ మీరెవరి తాలూకండీ?"

అవతల పెట్టేశాడు. ఆ తరవాతే తానేం చెప్పిందో తట్టి అనసూయ బడికి పరుగెత్తింది. అప్పట్నుంచీ దివ్యశ్రీ సైకిలు తొక్కింది పెరట్లోనే, బావి చుట్టూ. ధర్మారావు గారు మాత్రం ధైర్యం చెప్పారు. "మనకు కనెక్షనే లేదు కదమ్మా. ఇది ఇంటర్నెట్ ప్రమాదం కిందికి రాదు."

ఇంతసేపూ చదివిన తమరు, పిల్ల ఇంటిపేరు చెప్పలేదేమిటి, ఇంతకీ వాళ్ళేమిట్లు, ఏ కులం అని ఆలోచిస్తున్నారు కదూ. చెప్పకూడదండీ. మీరెవరో నాకు తెలీదు.