నోరు విప్పని అక్షరాలు

“ఏమండీ, ఇవాళ కూడా పిల్ల తడబడిందంటే మన గతేం కాను?”

పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు గానీ ఆవిడ గుండెలో భయం అప్పుడే పొంగి పొర్లుతోంది. పేపరు వెనకనుంచి ఆయనగారు ఏమీ పలకలేదు. పెళ్లైన కొత్తలో బాగానే మాట్లాడేవారు. రానురాను “ఊఁ”లోకి దిగారు. రిటైరయ్యాక ఆ “ఊఁ” కూడా పోయింది.

ఆవిడ భయమల్లా కూతురి ఉద్యోగం గురించి. ఓడరేవులో ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో మైకులో ఇంగ్లీషులో చెప్పే పని. ఇప్పటికి రెండుసార్లు ఫోన్లో చదివించారు, రెండుసార్లూ వద్దన్నారు. “రిసీట్”లో “పి” పలికిందని ఒకసారి, “ఐలాండ్”లో “ఎస్” పలికిందని ఇంకోసారి. ఇదే ఆఖరి అవకాశమంటూ కష్టమైన మాటల జాబితా ఉన్న ఒక కాగితం పంపారు. ఈ పొద్దున్నే ఫోన్ చేస్తారట, పిల్ల అది చూసి చదవాలట. వారం రోజులుగా ఇల్లంతా అదే మోత.

ఆ ఇంగ్లీషంటే ఆవిడకి ఒళ్లు మండిపోతోంది. మనం అక్షరం రాశామంటే పలకడానికే. పలకనిదాన్ని మాట మధ్యలో కూర్చోబెట్టడమేమిటి? “నైఫ్” ముందు ఆ “కె” ఎందుకు, కాపలాకా? అసలే ఆవిడది దర్జీ పని. కుట్టు పక్కన అక్కర్లేని అంచు కనిపిస్తే చేతులు ఊరుకోవు. దాన్ని కత్తిరించకపోతే ఎక్కడో ఒకచోట పట్టేసి బట్ట పాడవుతుంది. పిల్ల నాలుక కూడా సరిగ్గా అలాంటిచోటే పట్టేస్తోందని ఆవిడ నమ్మకం.

పిల్ల స్నానానికి వెళ్లగానే ఆవిడ ఆ కాగితం పట్టుకుని పై వాటాలో ఉండే ఇంగ్లీషు మాస్టారి దగ్గరకి పరిగెత్తింది.

“మాస్టారూ, ఇందులో నోరు విప్పని అక్షరాలేవో కాస్త చూపించరా?”

మాస్టారి దగ్గరకి పాఠం కోసం ఒక మనిషి వచ్చి ఎన్నేళ్లయిందో! సంబరంగా పెన్సిలు తీసి సున్నాలు చుట్టారు. “ఇదిగో, ‘డెట్’లో ఈ ‘బి’ చూశారూ? ఉంటుంది గానీ ఉన్నట్టు తెలియదు.”

“మా ఆయనలాగా అన్నమాట,” అంటూ ఆవిడ దిగి వచ్చేసింది.

దారాలు తెంపే చిన్న కత్తెరతో సున్నా చుట్టిన అక్షరాలన్నిటినీ నీటుగా కోసి తీసేసింది. ఇక పలుకుదామన్నా పలకవు! తృప్తిగా కాగితం తిప్పి చూసింది. వెనకవైపు కూడా అచ్చు ఉంది. అసలు మైకులో చదవాల్సిన ప్రకటన అదే. దానికిప్పుడు ఎటు చూసినా కిటికీలే.

“అయ్యో అయ్యో! ఏమండీ, కొంప మునిగింది!”

పేపర్లో ఒక పేజీ తిరిగింది, అంతే.

ముచ్చెమటలు పట్టి ఫ్యాను వేసింది. అదింకో పొరపాటు. కోసిన అక్షరాలన్నీ లేచి కుట్టుమిషను కింద దూరాయి. మోకాళ్ల మీద పాకి, దారప్పోగుల్లోంచి ఏరుకొచ్చి, దొరికినదాన్ని దొరికిన కన్నంలో పెట్టి గమ్ముతో అంటించింది. తడి ఆరాలి కదా అని ఇస్త్రీపెట్టె పెట్టింది. అది జీన్సు ప్యాంట్ల వేడి మీదుంది. ప్రకటనలో చాలావరకు గోధుమరంగుకి మాడి అక్షరాలు కనబడకుండా పోయాయి.

తన పాఠం ఎంతవరకు అక్కరకొచ్చిందో చూద్దామని మాస్టారు దిగి వచ్చి కాగితం చూసి అదిరిపోయారు. “‘లిసన్’లో ఉండాల్సిన ‘టి’ తెచ్చి ‘నైఫ్’కి పెట్టారేమిటమ్మా?”

“ఎక్కడ పెడితే ఏం మాస్టారూ, ఎలాగూ పలకదుగా!”

తడిజుట్టుతో వచ్చిన కూతురు నిలువునా కొయ్యబారిపోయింది. “అమ్మా! ఏం చేశావే దీన్ని?”

“నీకు అడ్డమొస్తున్నాయని తీసేశానే తల్లీ. మళ్లీ పెట్టేశాలే.”

అప్పుడే ఫోన్ మోగింది. కూతురు స్పీకరు పెట్టింది. ముందుగా మాటల జాబితా చదవమన్నారు రేవు అధికారి. విచిత్రం, ఒక్క తప్పూ రాలేదు. వంకరగా అంటించిన అక్షరాలు దొంగల్లా కనబడుతుంటే పిల్ల నాలుక వాటిని తప్పించుకుంటూ పోయింది. తల్లి గర్వంగా మాస్టారి వంక చూసింది.

“ఇప్పుడు వెనకవైపు,” అన్నారు అధికారి.

మొదటి వరుస అయ్యాక అంతా మాడిన చోటే. పిల్ల ఆగిపోయింది. వారం రోజులూ చూసి చదివిందే గానీ మనసులో పెట్టుకున్నది ఒక్క ముక్క లేదు.

“హలో? ఉన్నారా?”

అయిపోయింది, పిల్ల జీవితం నా చేతులారా ఇస్త్రీ చేసేశాను అనుకుని ఆవిడ గోడకి చేరబడింది. సరిగ్గా అప్పుడు ఎక్కడినుంచో ఒక గంభీరమైన గొంతు ఇంగ్లీషు ఎత్తుకుంది. కూతురు అందిపుచ్చుకుంది. ఆ గొంతు ఒక ముక్క అందించడం, పిల్ల దాన్ని చెప్పడం. ఓడ పేరు, వేళ, “ఐలాండ్” (అందులో “ఎస్” ఊసే లేదు), చివర థాంక్యూతో సహా. ఆ గొంతు పేపరు వెనకనుంచి వస్తోందని గ్రహించడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. వారం మోతంతా ఆయన చెవిలో భద్రంగా ఉందన్నమాట.

“మాటలు బాగా చదివావమ్మా. తడబడ్డా నిలదొక్కుకున్నావు, సోమవారం వచ్చి చేరు,” అన్నారు అధికారి. “అది సరే, ఆ వెనక గొంతెవరిది?”

“మా నాన్నగారండీ.”

“సాయంత్రం ఓడలకి మాకు మగ గొంతు కావాలి. వస్తారేమో కనుక్కో, లైన్లోనే ఉంటాను.”

ఆవిడకి పిల్ల ఉద్యోగం సంగతి ఆనందించే తీరిక కూడా లేకపోయింది. “ఏమండీ, మిమ్మల్నే! వెళ్తారా? ఆ సముద్రపు గాలి పడకపోతే? గొంతు పోతే? మైకు షాక్ కొడితే? తిరిగొచ్చేసరికి చీకటి పడితే?”

కూతురు చూస్తోంది. మాస్టారు చూస్తున్నారు. ఫోన్లో అధికారి కాచుకుని ఉన్నారు. ఆవిడ ఇంకో భయం కోసం వెతుక్కుని, ఏదీ తట్టక, పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి ఊరుకుంది.

అప్పుడు పేపరు మెల్లగా కిందికి దిగింది.

“అక్కడ మైకులో మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డం రారు కదా?” అన్నారాయన.