చెరువు గట్టున పులి

ఆ ఆదివారం ఉదయం సూర్యరాజుగారు వేసుకున్న పథకంలో తికమక ఏమీ లేదు. భీమవరంలో ఇడ్లీలు తిని బయల్దేరాలి. దారిలో, చేపల చెరువులకు సలహాలు చెప్పే చంద్రరావుగారికి ఒక పెన్ డ్రైవ్ ఇవ్వాలి. పదింటికల్లా రాజమండ్రి కెమెరా క్లబ్బులో రెండో పెన్ డ్రైవ్ పెట్టి, తన పులుల ఫొటోలు చూపించాలి. క్లబ్బువాళ్ళు మెచ్చితే వచ్చే నెల ప్రదర్శనలో గోడ మీద చోటు దొరుకుతుంది. ఆ చోటు కోసమే ఆయన మూడేళ్ళుగా బారెడు లెన్సు మోసుకుంటూ మధ్యప్రదేశ్ అడవుల్లో జీపులెక్కి తిరిగారు.

చంద్రరావుగారికి ఇవ్వాల్సినవి రాజుగారి చేపల చెరువు కాపలా పెదబాబు తీసిన ఫొటోలు. ఏ పిట్టలు దిగుతున్నాయో చూస్తే ఆయన ఉపాయం చెబుతారు. చేపల కోసం దిగే పక్షుల్ని టపాసులు పేల్చి తోలడం పెదబాబు పని. తోలేముందు ఫోనుతో ఒక ఫొటో తీసి పంపాలన్నది రాజుగారి నియమం. అది మెలకువగా ఉన్నాడనడానికి సాక్ష్యం. ఫొటో వచ్చిందా లేదా అని చూసుకోవడమే తప్ప, రాజుగారు ఒక్కటీ తెరిచిన పాపాన పోలేదు.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయండి, చూసి ఇవ్వండి," అన్నారు భార్య సూర్యావతి.

"నాకు తెలీదా ఏంటి?" అన్నారు రాజుగారు.

తెలీదు.

క్లబ్బు హాల్లో దీపాలు ఆర్పారు. తెర మీద పులికి బదులు, మంచులో రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి ప్రత్యక్షమైంది. పెన్ డ్రైవులు తారుమారయ్యాయని రాజుగారికి అర్థమైంది. ఆపమనడానికి లేచారు. ఈలోగా రెండోది వచ్చింది. లకుముకి పిట్ట నీళ్ళలోంచి లేస్తోంది, ముక్కున చేప, చేప తోకన ఒక్క నీటిబొట్టు. హాల్లో ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు. రాజుగారు మెల్లిగా కూర్చున్నారు. ఆ చేప తనదే. అయినా ఎంత బాగుంది! రోజూ తన ఫోన్లోకి ఇంత అందం వచ్చి పడుతుంటే తను పులుల కోసం ఎక్కడెక్కడో తిరిగినందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"ఇంత దగ్గరగా ఎలా తీశారండీ?" అనడిగారు క్లబ్బు అధ్యక్షురాలు మంజుష.

గోడ మీద చోటు చేతికందే దూరంలో ఉంది.

"నావి కాదండి. మా చెరువు కాపలా పెదబాబువి. పొద్దస్తమానం పడవలో కదలకుండా కూర్చుంటాడండి. పిట్టలకి అలవాటైపోయాడు."

"అయితే ఆయనతో మాట్లాడించండి!"

రాజుగారు సైలెంటులో పెట్టిన ఫోను తీశారు. చంద్రరావుగారు అప్పటికే పదకొండుసార్లు ఫోను చేసి, చివరికి మెసేజి పెట్టారు: 'మీరిచ్చిన ఫొటోలు చూశాను. మీ గట్టున పులి నీళ్ళు తాగుతోంది! మన్యంలోంచి దిగినట్టుంది. పెదబాబుకి ఫోను చేసి, పనివాళ్ళందర్నీ పంపించేయమన్నాను.'

రాజుగారు కంగారుగా పెదబాబుకు ఫోను కలిపి స్పీకరు పెట్టారు.

"ఎక్కడున్నావయ్యా?"

"పాక మీదకెక్కేశానండి. పులి తిరుగుతోందంటండి!"

"పులీ లేదు గిలీ లేదు! అది నేను అడవిలో తీసిన ఫొటో. దిగి టపాసులు పేల్చు!"

"ఆయ్, పేలుస్తానండి. తోలేవాళ్ళు లేక ఉన్న పిట్టలన్నీ మన చెరువులోకే దిగిపోయాయండి, బుట్టెడు చేపలు మింగే గూడబాతులతో సహా. మరి ముందు ఫొటో తియ్యాలి కదండీ?"

"తొందరపెట్టకండి రాజుగారూ," అన్నారు మంజుష. హాలంతా ఆయనకేసే చూస్తోంది. అవతల నిమిషానికెన్ని చేపలు పోతున్నాయో ఆ పైవాడికే తెలియాలి.

"నిదానంగా తియ్యి, పెదబాబూ," అన్నారు రాజుగారు నీరసంగా.

ఐదు నిమిషాలకు ఫొటో వచ్చింది. పాక కప్పు మీంచి తీసినది. చెరువంతా రెక్కలే, నీళ్ళు కనబడలేదు. హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా రాజుగారు.

మర్నెల ప్రదర్శనలో, గోడ నడిమధ్యన ఆ ఫొటోయే పెట్టారు. కింద చీటీ మీద రాజుగారి పేరు కూడా వేశారు.

'ఫొటో: పెదబాబు. చేపలు: సూర్యరాజు.'